గుహ పడవలో మా అత్త కట్టిన కట్టు

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప మీద చోటు చాలకపోతే ఆ పీట లాక్కోండి. ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, దూరంగా ఉంటే నా మాట మీకు అందదు. గట్టిగా చెప్పుకునే సంగతి కూడా కాదు ఇది. మొన్న మా అత్త ఎస్తేరమ్మ పోయి ఏడాది అయిందని ఇంటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు కుర్రవాడు, మంచివాడు. ఎవరో చెప్పింది విని ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. మనవరాలు నీళ్ళలో కొట్టుకుపోతుంటే చీర కొంగుతో కట్టి ఒడ్డుకు లాగి బతికించిన తల్లి అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను వంటల దగ్గర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ మనవరాలు మా గ్రేసీయే. తనకు అప్పటికి ఊహ తెలియదు. సాయంత్రం గిన్నెలు తోముతూ, అలాగేనా అమ్మా జరిగింది అని అడిగింది. కట్టిన మాట నిజమే. బతికిన మాటా నిజమే. మధ్యలో ఉన్నదే ఎవరికీ తెలియదు. అది తెలిసిన ముగ్గురిలో ఒకరు మట్టిలో పడుకున్నారు, ఒకరికి గుర్తు లేదు. అందుకని నేను చెబుతున్నాను.

నేను మేరీని. అనకాపల్లిలో రైలు గేటు దాటాక లోపలికి పోయే సందులో మా ఇల్లు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేసరికి నాకు చీర కుచ్చిళ్ళు కూడా సరిగా పెట్టుకోవడం రాదు. మా పుట్టింటివాళ్ళు పట్నంలో కుట్టు మిషన్ మీద బతికినవాళ్ళు, పొలం అంటే ఏమిటో నాకు తెలియదు. మా అత్త పుట్టింది మునగపాక పక్కన. మామ చిన్న వయసులోనే పోతే, చెరకు తోటల్లో కూలికి వెళ్ళి ఇద్దరు పిల్లల్ని పెంచింది. పట్నంలో కాపురం పెట్టినా ఆ పని మానలేదు. తెల్లవారకముందే లేచి, పొయ్యి మీద గంజి దించి, పాత చొక్కా ఒకటి చీర మీద తొడుక్కుని, చద్దన్నం గిన్నె గుడ్డలో మూటకట్టి మొదటి ఆటోకి వెళ్ళిపోయేది. చీకటి పడకముందే తిరిగొచ్చేది. వచ్చిన మనిషి దగ్గర చెరకాకు వాసన వేసేది, ఎండిన ఆకు, మట్టి, చెమట కలిసిన వాసన. చేతుల నిండా ఆకు కోసిన గీతలు. గ్రేసీ ఆ చేతుల్ని పట్టుకుని గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, లెక్క రాక, మళ్ళీ మొదలుపెట్టేది.

చెరకు ఏపుగా ఎదిగి గాలివానల రోజులు దగ్గర పడితే తోటల్లో జడచుట్లు వేసే పని ఉంటుంది. చూడనివాళ్ళకు చెబుతాను. చెరకు గడలు ఒంటరిగా నిలబడితే గాలికి పడిపోతాయి. అందుకని ఆ గడలకే ఉన్న ఎండుటాకుల్ని మెలిపెట్టి, పక్కపక్క గడల్ని కలిపి చుట్టి, కొసను మెలికలోకి దోపేస్తారు. ముడి వేయరు. గాలి ఎంత తోస్తే ఆ మెలిక అంత బిగుస్తుంది. మా అత్త ఈ పనిలో ఎంత మునిగిందంటే ఇంట్లో కూడా ఏదీ ముడి వేసేది కాదు. బియ్యం సంచి మూతికైనా, ఊయల తాడుకైనా, గ్రేసీ లంగా బొందుకైనా ఒక తిప్పు తిప్పి కొస దోపేసేది. నేను విప్పబోతే రాదు, లాగితే ఇంకా బిగుసుకుంటుంది. ఆవిడ వచ్చి ఒక్క వేలు పెడితే ఊడిపోయేది. నీ కోడలికి నీ ఇంట్లో సంచి మూతి విప్పడం కూడా రాదేటమ్మా అని మా ఆయన నవ్వేవాడు.

మా ఆయన ప్రసాదు లారీ షెడ్డులో వెల్డింగు చేసేవాడు. ఆయన అక్క రాహేలు వదిన. వదిన మొగుడు డేవిడ్ అన్నయ్యది ఒక ఫ్యాక్టరీలో పని. ఆ సంవత్సరం ఫ్యాక్టరీవాళ్ళు పనివాళ్ళకు కుటుంబంతో వెళ్ళిరండని ఒక రిసార్టుకి పాసులు ఇచ్చారు. సముద్రం వైపు కొండ వాలులో కట్టింది అది. కట్టిన కొత్తలో దాని పేరు మా చుట్టుపక్కల మారుమోగిపోయింది. లోపల రంగులరాట్నాలు, నీళ్ళ జారుడుబల్లలు, గుహలోకి వెళ్ళే పడవ. వెళ్ళొచ్చినవాళ్ళు ఫోటోలు ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకునేవాళ్ళు. మాలాంటివాళ్ళకి పాసు లేకుండా అందే చోటు కాదు. డేవిడ్ అన్నయ్య పాసుల్ని బైబిల్లో పెట్టి దాచాడు, మడత పడకూడదని.

ఒక్కటే ఇబ్బంది. ఆ పాసులు ఆదివారానికే చెల్లుతాయి. మా అత్త జ్వరమొచ్చినా ఆదివారం ఆరాధన మానలేదు. ముందు రాత్రి అన్నం దగ్గర ఆ మాట వచ్చేసరికి ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది. నాను రాను, మీరెల్లండి అంది. గ్రేసీ ఏడుపు మొదలుపెట్టింది, మామ్మ లేకపోతే నేనూ వెళ్ళనని. చివరికి తెల్లవారుజామున ఇంట్లోనే అందరం మోకాళ్ళూని ప్రార్థన చేసుకుని బయలుదేరాలని తేల్చారు. ఆవిడ ఆ ప్రార్థనలో చాలాసేపు ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు.  పులిహోర, కోడి వేపుడు, పెరుగన్నం డబ్బాల్లో సర్ది, పాత నేత చీర చింపిన గుడ్డతో పెద్ద మూట కట్టాం. గ్రేసీ ఆ మూటమీద కూర్చుని దారంతా పాడింది.

రిసార్టు గేటు చూడగానే డేవిడ్ అన్నయ్య ముఖం మారింది. సిమెంటు రాక్షసుడి నోరులాగా కట్టిన గేటు అది, నోట్లోంచి లోపలికి వెళ్ళాలి. ఆ రాక్షసుడికి పై పళ్ళు రాలిపోయి లోపలి ఇనుప చువ్వలు బయటకి వచ్చి తుప్పుపట్టి ఉన్నాయి. ఒక కన్ను ఊడిపోతే ఆ గుంటలో పావురాలు గూడు పెట్టుకున్నాయి. గేటు దగ్గర కాపలా ఆయన బయటి తిండి లోపలికి తేకూడదన్నాడు. అన్నయ్య బతిమాలాడు. ఆఖరికి సరుగుడు చెట్ల కింద కూర్చుని ముందే తినేసి వెళ్ళమని ఆయనే దారి చూపించాడు. చూపించి, మా పక్కనే కూర్చుని కోడి వేపుడు రెండుసార్లు వేయించుకున్నాడు. ఇదివరకు ఆదివారమైతే ఇక్కడ నిలబడడానికి చోటు ఉండేది కాదండీ, ఇప్పుడు జీతాలు కూడా సరిగా ఇవ్వడం లేదు అన్నాడు ఎముక చీకుతూ. వదిన నవ్వింది. నాకు నవ్వు రాలేదు. జీతం రాని మనిషి ఏ మర బిగిస్తాడు, ఏ తాడు మారుస్తాడు అనిపించింది.

లోపల అడుగు పెట్టాక ఆ భయానికి ఆకారం వచ్చింది. బొమ్మరైలు పట్టాల మధ్య మోకాలెత్తు గడ్డి. ఫౌంటెన్ గిన్నెలో ఆకులు, వాటి మీద నల్ల చీమలు. ఈత కొలను నీళ్ళు పచ్చగా, పాచి వాసన. మైకులో పాట మాత్రం ఆపకుండా మోగుతోంది, క్యాసెట్టు సాగిపోయి ఆ గొంతు ఏదో నిద్రలో మూలుగుతున్నట్టు వినబడుతోంది. అక్కడక్కడా రెండు మూడు కుటుంబాలు, అందరూ పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని నడుస్తున్నారు. బజ్జీల బండి దగ్గర మాడిన నూనె వాసన ఆ పాచి వాసనతో కలిసి ముక్కుకి పట్టేసింది. ఇప్పటికీ ఎక్కడైనా నిల్వనీటి పక్కన నూనె మాడితే పక్కనున్న పిల్ల చెయ్యి పట్టేసుకుంటాను.

పెద్ద చక్రం దగ్గర మా ఆయన ఆగిపోయాడు. పై నుంచి కిందికి ఇనుప కాళ్ళను చూసుకుంటూ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒకచోట వేలితో గీకితే నీలం రంగు పెచ్చులాగా ఊడి కింద ఎర్రటి బుగ్గి రాలింది. వెనక్కి వచ్చి బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"బావా, ఇది అతుకు మీద అతుకు. తుప్పు మీద రంగేసేరు. దీన్నెవులూ ఎక్కొద్దు."

"పాసులన్నీ బుగ్గిపాలేనేటి మరి? అంత దూరం నుంచి కోడి తినడానికొచ్చేమా?" అన్నాడు అన్నయ్య. పాపం ఆయన బాధ ఆయనది. మమ్మల్నందరినీ సంతోషపెడదామని తెచ్చాడు. చూసిన ప్రతిదీ ఆయన్ని తలదించుకునేలా చేస్తోంది.

ఆ సమయంలో గ్రేసీ పడవ చూసింది. హంసలా చేసిన పడవ, ముక్కు విరిగిపోయి ఉంది, అయినా తెల్లగా ఉంది. చిన్న కాలువలో నిలబడి ఉంది. కాలువ అడుగున గొలుసు ఉండి, మోటారు తిప్పితే ఆ గొలుసే పడవని లాక్కుంటూ గుహలోకి తీసుకెళ్ళి, అటువైపు బయటికి తెస్తుందట. నడిపే ఆయన వయసు మళ్ళిన మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లోతెంత అని మా ఆయన అడిగాడు. మోకాలి లోతేనండీ, పసిపిల్లలు ఎక్కుతారు అన్నాడు. నీళ్ళంటే భయమని వదిన రానంది. నీళ్ళు తక్కువే కదా, ఎత్తులో లేదు కదా అని అందరికీ మనసు కుదుటపడింది. నాకూ పడింది, అబద్ధమెందుకు. ముందు బెంచీ మీద మా అత్త, గోడవైపు గ్రేసీ. వెనక బెంచీ మీద నేను. మగవాళ్ళిద్దరూ గుహ అవతలి వైపు వెళ్ళి, మేము బయటికి వచ్చేటప్పుడు చూస్తామన్నారు.

బెంచీకి అడ్డంగా ఒడి మీదికి దించే ఇనుప కమ్మీ ఒకటుంది. అది నిలవడానికి గుచ్చే చీల ముందు బెంచీకి లేదు. మా అత్త దాన్ని ఎత్తి దించి చూసింది. నడిపే ఆయన్ని అడిగితే, ఏం కాదమ్మా, చేత్తో పట్టుకోండి అన్నాడు.  ఆవిడ వదిన చేతిలోని మూట విప్పించి ఆ నేతచీర గుడ్డ తీసుకుంది. పిల్లకి ఎదురుగా వంగి, నడుం చుట్టూ తిప్పి, ఆ బెంచీకే వెనకున్న పైపుకు చుట్టి, మెలిపెట్టి, కొస దోపింది. ఎంతో నిదానంగా, తోటలో చేసినట్టే చేసింది. గట్టిగా లాగి చూసి తృప్తి పడింది. "ఇప్పుడు గాలొచ్చినా, వానొచ్చినా నా గుంట పడదు" అంది పిల్ల తల నిమురుతూ. గ్రేసీ నవ్వింది.  కట్టేసింది కదా, ఇంక పిల్ల నీళ్ళలో పడదు అనుకున్నాను. ఆ కట్టు చూసి ధైర్యపడిన మనిషిని నేనే.

గుహలోకి వెళ్ళాక మొదట మసక వెలుతురు. గోడల మీద సిమెంటు జంతువులు, ఒకప్పుడు తలలు ఆడించేవట. ఒక ఎలుగుబంటి తల మాత్రం టకటకమని సగం దాకా తిరిగి, మళ్ళీ వెనక్కి పోతోంది. రంగు బల్బుల్లో ఒకటీ అరా వెలుగుతున్నాయి. మలుపు తిరిగేసరికి వెనక వెలుతురు పోయింది. నా కాళ్ళకి చల్లగా తగిలింది. ముందు చెప్పుల తడి అనుకున్నాను. తర్వాత అది పాదం దాటి చీలమండ దాకా వచ్చింది. పడవ అడుగున ఎప్పుడో తారుతో అతికిన చోట ఊడిపోయి నీళ్ళు వస్తున్నాయి. నేను అత్తా అనేలోపు పాట ఆగిపోయింది. బల్బులు ఆరిపోయాయి. ఎలుగుబంటి టకటక ఆగింది. కరెంటు పోయింది.

ఆ రోజుల్లో కరెంటు పోవడం మాకు వింత కాదు. ఇంట్లో పోతే దీపం వెలిగించుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం. అక్కడ ఆ చీకటి మాత్రం వేరు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. నీళ్ళు పడవలోకి దూరుతున్న శబ్దం తప్ప ఏమీ లేదు. బయటినుంచి నడిపే ఆయన గొంతు చాలా దూరంగా వినబడింది, కదలకండి, వచ్చేస్తుంది అని. గొలుసు ఎక్కడో పట్టేసుకుని పడవ గోడవైపుకి ఒరగడం మొదలుపెట్టింది. గోడవైపు ఉన్నది నా పిల్ల.

మా అత్త చప్పున నీళ్ళలోకి దిగిపోయింది. మోకాలి లోతు అన్నాడు కదా. అక్కడ అడుగున బురద పేరుకుని గుంటపడి ఆవిడ నడుం దాకా మునిగింది. మునిగినా చేతులు చాచి పిల్లని ఎత్తబోయింది. పిల్ల రాలేదు. ఇంకోసారి లాగింది. పిల్ల అమ్మా కడుపూ అని అరిచింది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. ఆ క్షణం ఆవిడ నోట్లోంచి వచ్చిన శబ్దం నేను ఏ మనిషి నోటా మళ్ళీ వినలేదు. ఏడుపు కాదు, పిలుపు కాదు. ఊపిరి లోపలికి పోయి బయటికి రావడం మరిచిపోయినట్టు.

పడవ ఇంకా ఒరిగింది. నీళ్ళు గ్రేసీ ఛాతీ దాకా వచ్చాయి. నేను బెంచీ మీద బోర్లా పడి చేతులతో తడుముకుంటూ ఆ కట్టు పట్టుకున్నాను. గుడ్డ తడిసి ఉబ్బి, రాయిలాగా ఉంది. బలమంతా పెట్టి లాగాను. పళ్ళతో కొరికాను. నేత గుడ్డ చిరగదు, పాతదైనా చిరగలేదు. ఎంత లాగితే పిల్ల అంత అరుస్తోంది. చీకట్లో మా అత్త చెయ్యి పిల్ల గడ్డం కింద పెట్టి ముఖం పైకి ఎత్తి పట్టుకుందని నాకు తెలుస్తోంది, పిల్ల ముక్కుతో నీళ్ళు చీదుతున్న చప్పుడు వల్ల. ఆవిడ ఆ చెయ్యి తీస్తే ముఖం నీళ్ళలోకి పోతుంది. కట్టు విప్పడం తెలిసిన చేతులు ఆవిడవి. ఆ చేతులకి కట్టు దగ్గరికి వచ్చే వీలు లేదు.

"లాగకే మేరీ. లాగితే బిగుసుద్ది. ఎనక్కి తిప్పు" అంది. ఆ మాట పొలంలో పని నేర్పినట్టే ఉంది.

"ఎటు ఎనక్కి అత్తా?"

"నాను కుడికి తిప్పేను. నువ్వెడమకి తిప్పు."

ఎడమకి తిప్పాను. పిల్ల కేక పెట్టింది. ఆ తర్వాత కేక కూడా లేదు, గుటకలు వేస్తున్న చప్పుడు మాత్రమే. బిగుసుకుపోయిందని నా వేళ్ళకి తెలిసింది.  దేవుడి పేరు కూడా నోటికి రాలేదు. అటు మా అత్తకీ తెలిసిపోయింది.  

"ఓలమ్మా, నాను దానికి ఎదురుగా నిలబడి కట్టేను. నువ్వెనకున్నావు. నీకు కుడివైపు. కుడికే తిప్పు, బేగి."

కుడికి తిప్పాను. మొదట ఏమీ కాలేదు. ఇంకొంచెం తిప్పాను. లోపల దోపిన కొస నా బొటనవేలికి తగిలింది, చేపలా జారింది, మళ్ళీ దొరికింది. పట్టుకుని వెనక్కి తోశాను. అంతే. ఇంతసేపు రాయిలా ఉన్న గుడ్డ వదులై నా చేతిలోకి ఊడొచ్చింది. మా అత్త పిల్లని ఎత్తి భుజం మీద వేసుకుని వీపు మీద కొడుతోంది. కొడుతూ కొడుతూ ఏసయ్యా ఏసయ్యా అంటోంది. పిల్ల ఒకసారి కక్కి, దగ్గి, ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను కూడా నీళ్ళలోకి దిగి వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. అటువైపు నుంచి మా ఆయన, అన్నయ్య గోడలు తడుముకుంటూ, నీళ్ళు చిమ్ముకుంటూ వస్తున్న శబ్దం వినబడింది. మా ఆయన నుదురు ఏ సిమెంటు బొమ్మకో తగిలి పగిలింది. ఆ సంగతి వెలుతురులోకి వచ్చేదాకా ఆయనకీ తెలియదు.

బయట ఎండ ఎప్పటిలాగే ఉంది. మేనేజరు అనే ఆయన ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. పిల్లని చూడలేదు, ముందు మా ఆయన నెత్తురు చూసి పోలీసుల మాట వస్తుందేమోనని భయపడ్డాడు. తర్వాత తడిసిన ఆ గుడ్డ నా చేతిలో వేలాడుతుంటే చూశాడు, దాంతోనే పిల్లని కట్టారని నడిపే ఆయన చెప్పాడు. దాంతో ధైర్యం వచ్చింది. పిల్లని కట్టమని ఎవరు చెప్పారు, మీ అంతట మీరు కట్టి మా మీద పడతారేంటి అని గొంతు పెంచాడు. కారిన పడవ గురించి, లేని చీల గురించి ఒక్క మాట లేదు. అన్నయ్య కోపంతో మీదికి వెళ్ళబోయాడు. మా ఆయన మాత్రం ఆ గుడ్డనే చూస్తున్నాడు. దాని మీద మిగిలిన ఆ మెలిక ముడతలు ఆ ఇంట్లో పుట్టినవాడికి తెలియనివి కావు.

"నానే కట్టేను" అంది మా అత్త. ఎవరూ అడగకముందే అంది. చీర నుంచి బురద నీళ్ళు కారుతున్నాయి.

"నీకేటి పిచ్చా అమ్మా? సెరకు గడనుకున్నావేటి నా పిల్లని?" అన్నాడు మా ఆయన. పదిమందిలో తల్లిని అలా అనడం అదొక్కసారే. అన్నాక ఆయన ముఖం కూడా చూడలేకపోయాం. ఆవిడ తల వంచుకుంది.  వ్యానులో వెనక సీటులో ఒక్కతే కూర్చుని, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది, ఎవరి వస్తువులో ఎత్తుకొచ్చినట్టు.

ఆ తర్వాత రోజుల గురించి ఎవరూ అడగరు. నాకు మాత్రం గుహ కన్నా ఆ రోజులే ఎక్కువ. గ్రేసీ నడుం చుట్టూ ఎర్రటి చార పడింది, తర్వాత నీలమైంది. స్నానం చేయించేటప్పుడు నేను అటు చూడకుండా నీళ్ళు పోసేదాన్ని. నిద్రలో పిల్ల కొంచెం దగ్గితే లేచి కూర్చునేదాన్ని. ఆదివారం ఆరాధన మాని వెళ్ళారు కదా, అందుకే అని సందులోవాళ్ళు అనుకున్నారు. ఆ మాట మా అత్త చెవిన పడింది. ఆవిడ పిల్ల దగ్గరికి రావడం మానేసింది. అన్నం కలిపి పెట్టదు, ఎత్తుకోదు, పిలిస్తే గుమ్మంలోనే నిలబడి పలుకుతుంది. పిల్ల లేవకముందే తోటకి వెళ్ళిపోతుంది. పిల్ల వెంటపడి కొంగు పట్టుకుంటే ఆ చిన్న వేళ్ళని ఒక్కొక్కటే విడదీసి, మీ అమ్మ దగ్గరికెల్లు అంటుంది. గ్రేసీకి ఏమీ అర్థం కాక ఏడ్చేది. మా ఆయన తల్లితో మాట్లాడాలని రెండుమూడుసార్లు వచ్చి, నిలబడి, బీడీ వెలిగించుకుని వెళ్ళిపోయాడు.

నేను ఆవిడని రమ్మని పిలవలేదు. మీకు నిజం చెప్పాలి కదా. ఆవిడ పిల్లకి దూరంగా ఉంటే నాకు ఊపిరి ఆడేది. పిల్ల ప్రాణం నిలిపినవి ఆ చేతులే, పిల్లని నీళ్ళకి కట్టేసినవీ ఆ చేతులే. ఆ రెండింటినీ విడదీసి చూడడం నాకు చాతకాలేదు.

ఒక ఉదయం లేచేసరికి ఆవిడ పనికి వెళ్ళలేదు. రెండు చీరలు, బైబిలు, అద్దం సంచిలో సర్దుకుని అరుగు మీద కూర్చుని ఉంది. కె. కోటపాడులో తమ్ముడి దగ్గరికి వెళ్ళి అక్కడే ఉంటానంది. ఎన్నాళ్ళు అని అడిగాను. "నాకు నా సేతులంటేనే బయ్యంగా ఉందే మేరీ. రేపు దానికి పాలు తాగిత్తూ కూడా ఏటి సేత్తానో నాకే తెల్దు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. తన చేతులనే చూసుకుంటోంది, వాటికి బుద్ధి లేదన్నట్టు.

అప్పుడు వీధి కొళాయికి నీళ్ళు వచ్చాయి. సందులో బిందెల చప్పుడు మొదలైంది. గ్రేసీ అప్పుడే లేచి కళ్ళు నులుముకుంటూ వచ్చి నా కాలు పట్టుకుంది. నాకు ఆలోచించే వ్యవధి లేదు, ఉంటే చేసేదాన్నో లేదో తెలియదు. పిల్లని ఎత్తి ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టాను.

"అత్తా, నీళ్ళు పోతాయి. దీన్ని సూసుకో, నాను బిందె పట్టుకొత్తాను."

 నేను బిందె చంకనెత్తుకుని కొళాయి దగ్గరికి వెళ్ళాను. అక్కడినుంచి మా అరుగు కనబడుతుంది, మెడ కొంచెం తిప్పితే చాలు. బిందె కొళాయి కింద పెట్టాను. సన్నటి ధార. నిండేసరికి చాలాసేపు పడుతుందని తెలుసు. నా వీపు మొత్తం కళ్ళయి అరుగు వైపు చూస్తోంది. పిల్ల ఏడుస్తుందేమో, పడిపోతుందేమో, ఆవిడ చేతులు ఆవిడ మాట వినవేమో అని ఒకటే భయం. పక్కావిడ ఏదో అడిగింది, ఏం చెప్పానో తెలియదు. మెడ తిప్పలేదు. తిప్పితే ఆవిడ చూస్తుంది. చూస్తే ఆ సంచి ఎత్తుకుని వెళ్ళిపోతుంది, ఇక రాదు. ఆ గుహలో కూడా నేను అంత భయపడలేదేమో. అక్కడ చేతులకి పని ఉంది. ఇక్కడ చేతులు కట్టుకుని బిందె నిండే చప్పుడు వింటూ నిలబడడమే నా పని. బిందె నిండింది. పొర్లింది. పొర్లుతున్నా ఇంకాసేపు నిలబడ్డాను. తర్వాత ఎత్తుకుని, కింద మాత్రమే చూసుకుంటూ ఇంటికి వచ్చాను. గ్రేసీ మామ్మ ఒళ్ళో మళ్ళీ నిద్రపోయింది. ఆవిడ పిల్లని రెండు చేతుల్లోనూ పట్టుకుని, ఊపిరి కూడా నెమ్మదిగా పీలుస్తూ, కదలకుండా కూర్చుంది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. నన్ను చూసి, సంచి లోపల పెట్టెయ్యే అంది.

ఆ రిసార్టు ఇప్పుడు లేదు. స్థలం ముక్కలు చేసి రాళ్ళు పాతారని అన్నయ్య చెప్పాడు. ఇప్పుడు వేరేచోట కొత్తవి వచ్చాయి, నీళ్ళలో తేలే పసుపు జాకెట్లు తొడుగుతారు, ఈల పట్టుకుని మనిషి నిలబడతాడు, అంతా మెరుస్తూ ఉంటుంది. గ్రేసీ తన పిల్లల్ని తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆ జాకెట్టు బిగించే పిల్లని పక్కకి పిలిచి, ఇది ఎలా విడుతుందో నాకు చూపించమ్మా అన్నాను. నవ్వి చూపించింది. నాలుగుసార్లు విప్పించుకున్నాను. అప్పట్లో భయం కళ్ళకి కనిపించేది, ఊడిన పళ్ళుగా, తుప్పుగా, పాచిగా. ఇప్పుడు దానికి రంగు వేశారు, అంతే అనుకుంటాను నేను. మా గ్రేసీ మాత్రం నా భయం చూసి నవ్వుతుంది. నవ్వనీండి. మామ్మ ఒళ్ళో పెరిగిన పిల్ల అది. చివరి రోజుల్లో ఆవిడకి మందులు మింగించిందీ, తల దువ్విందీ, మంచం మీదినుంచి ఎత్తి కూర్చోబెట్టిందీ అంతా తనే. పాస్టరుగారి మాటకి నేను ఆమెన్ అనలేకపోయాను గానీ, ఆ అరుగు మీద కాళ్ళు తిమ్మిరెక్కేదాకా కదలకుండా కూర్చున్న మనిషికైతే వెయ్యిసార్లు అంటాను.

పొద్దుపోయింది, లేవండి. మీ ఇంట్లో పిల్లలు నీళ్ళకి వెళ్ళిన ప్రతిసారీ అన్నం వేళకి ఆకలితో తిరిగి రావాలి. మీ పెద్దవాళ్ళ చేతులు వాళ్ళకి ఎప్పుడూ భయం కాకూడదు. మీ గడపలో సంచి సర్దుకున్నవాళ్ళు ఎవరున్నా, దాన్ని మళ్ళీ లోపల పెట్టేసుకునే ఉదయం మీ ఇంటికి తప్పకుండా రావాలి. ఆ దేవుడు మీ ఇంటిని చల్లగా చూడాలి.